జంకే రౌతు, నేర్వని గుర్రం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఏళ్ల తరబడి స్వారీ మానేసి మళ్లీ జీనెక్కినవారి నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. లోపల జంకు ఇంకా పోలేదు, సొంత గుర్రం మీద మనసు మాత్రం పడింది. కళ్ల ముందున్నవేమో చిన్న వయసు గుర్రాలు, తర్ఫీదు సగంలో ఉన్నవి. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాకు నలభై మూడేళ్లు. చదువుకునే రోజుల్లో బాగానే స్వారీ చేసేదాన్ని. ఒకసారి పడి చెయ్యి విరిగాక మానేశాను. ఏడాదిగా స్వారీ బడిలో వారానికోసారి ఎక్కుతున్నాను. నడక, ట్రాట్ (చిన్న పరుగు) వరకూ ఫరవాలేదు, క్యాంటర్ (దానికంటే వేగం, దౌడు కంటే నెమ్మది) అంటే గుండె జారిపోతుంది. నాలుగేళ్ల ఆడగుర్రం ఒకటి అమ్మకానికి వచ్చింది. దానికి జీను అలవాటు చేసి మూడు నెలలే అయిందట, కానీ ఎంతో సాధువు. ధర కూడా తక్కువ. ఇద్దరం కలిసి నేర్చుకుంటాం అనుకుంటున్నాను. కొనమంటారా?

జవాబు: కొనకండి. గుర్రం చెడ్డదని కాదు, ఇద్దరిలో ఒకరికైనా పని తెలిసి ఉండాలి గనుక.

భయం వేసినప్పుడు మీ ఒళ్లు ఏం చేస్తుందో గమనించండి. ఊపిరి బిగబడుతుంది, మడమలు పైకి లేస్తాయి, మోకాళ్లు జీనును నొక్కేస్తాయి, నడుము ముందుకు వంగుతుంది, చేతులు రెండు పగ్గాలనూ లాగి పట్టుకుంటాయి. కాళ్లు నొక్కితే గుర్రానికి 'పద' అని అర్థం. పగ్గాలు లాగితే 'ఆగు' అని. పదేళ్లపాటు రకరకాల మనుషుల్ని మోసిన గుర్రం ఈ గందరగోళాన్ని పట్టించుకోకుండా తన నడక తాను నడుస్తుంది. జీను అలవాటై మూడు నెలలే అయిన గుర్రానికి ఆ తెలివిడి ఎక్కడిది? ముందుకు పోనివ్వరు, నిలబడనివ్వరు. అందుకని పక్కకు గెంతుతుంది, లేదా ముందుకాళ్లెత్తుతుంది, కాదంటే ఒక్కసారిగా దౌడు అందుకుంటుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. జంకే రౌతు దగ్గర ఇది తిరగబడుతుంది. బిగుసుకుపోయేది రౌతు, నాలుగు కాళ్లతోనూ పరిగెత్తేది గుర్రం.

మన భయం గుర్రానికి పాకుతుందా అన్నదాని మీద స్వీడన్ పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. గుర్రాన్ని నడిపించేవారికీ, స్వారీ చేసేవారికీ 'ఈసారి మీరు వెళ్తుంటే గొడుగు తెరుస్తాం' అని చెప్పి, తెరవకుండా ఊరుకున్నారు. మనుషుల గుండె వేగం పెరిగింది. గొడుగు సంగతే తెలియని గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది.

ఇక సాధుగుణం మాట. అది స్వభావం, తర్ఫీదు కాదు. చిన్న గుర్రం నెమ్మదిగా కనిపించడానికి కారణాలు చాలా ఉంటాయి: ఒంట్లో సత్తువ లేక, రోజూ అలిసిపోయేంత పనిచేయించి, పక్కనే తోడు గుర్రం ఉండబట్టి, ఒక్కోసారి మందిచ్చి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న గుర్రం నెమ్మదిగా ఉంటే దాన్ని స్వభావమని రాసుకోకండి. ఆరు వారాలు కడుపునిండా తిన్నాక మీ ముందుండేది వేరే గుర్రం.

వయసు సంగతీ ఉంది. నాలుగు, నాలుగున్నర ఏళ్లకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి, నోట్లో కళ్లెం గుచ్చుకుని తల విదిలిస్తుంది. అది పొగరు కాదు, నొప్పి. వెన్నెముకలో ఎదుగుదల ఐదారేళ్లు నిండితేగానీ పూర్తికాదు. బరువు కూడా చూసుకోవాలి. ఎదిగిన గుర్రం మీద రౌతు, జీను కలిపి దాని బరువులో 20 శాతం దాటకూడదనేది వాడుకలో ఉన్న లెక్క. ఎదుగుతున్నదానికి 15 శాతం దగ్గర ఆగడం మేలు. 450 కిలోల గుర్రమైతే 67 కిలోలు, జీనుతో సహా.

తక్కువ ధర ఒక్క రోజు ఆనందం. మేత, లాడాలు, వైద్యం ఖర్చు నేర్చిన గుర్రానికైనా నేర్వనిదానికైనా ఒకటే. రెండోదానికి తర్ఫీదుదారు జీతం అదనం, అదీ కనీసం ఏడాదిపాటు. మీరు వెతకాల్సింది పది నుంచి పదిహేనేళ్ల మధ్య వయసున్న, ఇద్దరు ముగ్గురు సాధారణ రౌతుల చేతుల్లో నలిగిన గుర్రాన్ని. కొనేముందు అలాంటిదాన్ని కొన్ని నెలలు అద్దెకు తీసుకుని, వారానికి మూడు నాలుగు రోజులు ఎక్కి చూడండి. వారానికోసారి స్వారీతో క్యాంటర్ భయం తగ్గడం కష్టం. ఒంటికి అలవాటయ్యేలోపే వారం గడిచిపోతుంది.

ప్రశ్న: అమ్మేవారి దగ్గరకు వెళ్లినప్పుడు గుర్రాన్ని ఎలా పరీక్షించాలి? పది నిమిషాలు ఎక్కి దిగితే ఏం తెలుస్తుంది?

జవాబు: ఏమీ తెలియదు. అసలు పరీక్ష ఎక్కకముందే సగం అయిపోవాలి.

'మేం వచ్చేదాకా గుర్రాన్ని బయటికి తీయకండి' అని ముందే చెప్పండి. వెళ్లగానే జీను వేసే చోట వీపు మీద చెయ్యి పెట్టండి. వెంట్రుకలు తడిగానో, చెమట ఆరి అట్టకట్టినట్టో ఉంటే మీరొచ్చేముందు దాన్ని అలసిపోయేదాకా తిప్పారన్నమాట. కింది పెదవి వేలాడుతూ, కళ్లు సగం మూసుకుని, కాళ్లు ఈడుస్తుంటే మత్తుమందును అనుమానించాలి. ఆ రోజుకు ఎక్కకుండా వచ్చేయండి.

తర్వాత చూసేది పట్టుకోవడం. పచ్చికలో ఉన్న గుర్రం మనిషిని చూసి వెనక్కి తిరుగుతుందా, తలుగు వేయించుకుంటుందా? నాలుగు కాళ్లూ ఎత్తించి చూడండి. జీను కింద పొట్టపట్టీ బిగిస్తున్నప్పుడు మీ కళ్లు దాని చెవుల మీద ఉండాలి. చెవులు వెనక్కి అతికించి, తల తిప్పి పొట్ట వైపు కొరకబోతే జీను సరిపోకపోవచ్చు, కడుపులో పుండ్లు ఉండొచ్చు, ఇదివరకెప్పుడో మొరటుగా బిగించి ఉండొచ్చు. ఏదైనా సరే, కారణం తేలేదాకా బేరం ముందుకు సాగకూడదు.

ముందు అమ్మేవారు ఎక్కాలి. వాళ్లు జంకితే మీరు ఎక్కే ప్రసక్తే లేదు. తర్వాత మీ శిక్షకుడు, ఆఖరున మీరు. ఎక్కేటప్పుడు అది కదలకుండా నిలబడిందా? పగ్గాలు వదులుగా వదిలితే నడకలోనే ఉందా? తోటి గుర్రాల నుంచి దూరంగా తీసుకెళ్లి, అక్కడ ఆపి, ఒక నిమిషం నిలబెట్టి వెనక్కి తిప్పండి. ఇంటి ముఖం పట్టగానే వేగం పెంచే గుర్రం జంకేవారికి పనికిరాదు. మీరు చేయలేని పని దాని మీద చేసి చూడకండి. క్యాంటర్ మీ శిక్షకుడు చేస్తే చాలు, మీరు పక్కనుండి చూడండి.

అది బెదరదా అని అడక్కండి. ప్రతి గుర్రమూ బెదురుతుంది. దాని చూపు దాదాపు చుట్టూతా ఉంటుంది, వెనకాల కదిలిన సంచీ మీకంటే ముందు దానికే కనబడుతుంది. బెదిరాక ఏం చేస్తుందన్నదే ముఖ్యం. ఉలిక్కిపడి, చూసి, ముక్కుతో బుసకొట్టి అక్కడే నిలిచిందా? బంగారం. గిరుక్కున తిరిగి పరుగెత్తిందా? వద్దు.

అమ్మేవారిని అడగాల్సిన ప్రశ్నల్లో మాకు అన్నిటికంటే పనికొచ్చేది ఇది: 'రెండు వారాలు ఖాళీగా ఉంచి, తర్వాత ఎక్కితే ఎలా ఉంటుంది?' మీకు జ్వరం వస్తుంది, వానలు పడతాయి, పెళ్లిళ్లుంటాయి. రోజూ పని ఉంటేనే బుద్ధిగా ఉండే గుర్రం మీకు నప్పదు. వీలైతే ముందు చెప్పకుండా రెండోసారి, గాలి వీచే రోజున వెళ్లండి.

ప్రశ్న: కొనేముందు పశువైద్యుడి పరీక్ష అవసరమా? అందులో ఏం చూస్తారు?

జవాబు: తప్పనిసరి. వైద్యుణ్ణి మీరే పెట్టుకోవాలి, అమ్మేవారి గుర్రాలను చూసే వైద్యుడు వద్దు. పూర్తి పరీక్ష ఐదు దశల్లో సాగుతుంది. మొదట నిలబెట్టి చూస్తారు: పళ్లు, చీకట్లో కళ్లు, గుండె, ఊపిరితిత్తులు, డెక్కలు. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి, శ్వాస 8 నుంచి 16, ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. రెండో దశలో గట్టి నేల మీద నడిపించి, ట్రాట్ చేయించి కుంటు చూస్తారు. కాలిని ఒక నిమిషం మడిచి పట్టుకుని, వదలగానే పరిగెత్తించే పరీక్ష కూడా చేస్తారు. దాగి ఉన్న కీళ్ల నొప్పి ఆ మొదటి అడుగుల్లో బయటపడుతుంది. మూడోది శ్రమ పెట్టడం, నాలుగోది విశ్రాంతి, ఐదోది మళ్లీ ట్రాట్. డబ్బు మిగలాలని మొదటి రెండు దశలతో సరిపెట్టుకునేవారున్నారు. శ్రమ తర్వాతే బయటపడే ఊపిరి చప్పుడు, చల్లబడ్డాక కనిపించే కుంటు అప్పుడు కంటపడకుండా పోతాయి.

రక్తం కూడా తీయించి భద్రపరచమనండి. ఇంటికి తెచ్చాక గుర్రం స్వభావం మారిపోయినా, కుంటడం మొదలుపెట్టినా, మత్తుమందో నొప్పి మందో వాడారేమో ఆ నమూనాలో చూడొచ్చు. రక్తం తీస్తామనగానే 'ఇంకొకరు అడుగుతున్నారు, త్వరగా తేల్చండి' అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: రేసులు మానిన ఆరేళ్ల థరోబ్రెడ్ (రేసు గుర్రాల జాతి) చవకగా వస్తోంది. రేసుల్లో పరిగెత్తింది కదా, దాన్ని అనుభవమున్న గుర్రం అనుకోవచ్చా?

జవాబు: రేసు అనుభవం వేరు, మీకు కావలసినది వేరు. రేసు గుర్రం మీదికి జాకీని నడుస్తుండగానే ఎక్కిస్తారు, నిలబడడం దానికి నేర్పరు. జాకీ పగ్గాల మీద బరువు వేస్తే అది దానికి ఊతం, ఇంకా సాగుతుంది. భయపడి పగ్గాలు బిగించే రౌతు దొరికితే ఏమవుతుందో ఊహించండి: మీరు ఆపాలని లాగుతుంటారు, అది మీకు వేగం కావాలనుకుంటుంది. కాళ్లు రెండు పక్కలా జారవిడిచి కూర్చునే బరువు కూడా దానికి కొత్తే. రేసు మానాక కొన్నేళ్లు సాధారణ స్వారీలో పనిచేసి, మీలాంటి వారిని మోసినదైతే చూడొచ్చు. ట్రాక్ నుంచి నేరుగా వచ్చినదైతే వద్దు.

ప్రశ్న: మీ సలహా ఆలస్యమైంది. ఐదేళ్ల గుర్రాన్ని కొనేశాను. మొదటి మూడు వారాలు చెప్పినట్టు విన్నది. ఇప్పుడు ఎక్కబోతే పక్కకు జరుగుతుంది, గేటు దాటనంటుంది. రెండుసార్లు భయపడి దిగిపోయాను. అమ్మేయాలా?

జవాబు: ఇప్పుడే అమ్మొద్దు, ఎక్కడం మాత్రం ఆపండి. కొత్తచోట గుర్రాలు మొదట్లో ముడుచుకుని ఉంటాయి, కుదురుకున్నాక అసలు గుణం చూపిస్తాయి. మీరు దిగిపోయిన రెండుసార్లూ దానికి ఒక పాఠం అందింది: పక్కకు జరిగితే పని ఆగిపోతుంది. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి తీసేసిన క్షణంలోనే. అయినా ప్రమాదమనిపిస్తే దిగడమే సరైన పని. దిగాక జీను విప్పి లోపలికి పంపకండి. నేల మీద నిలబడే పది అడుగులు ముందుకు, ఐదు వెనక్కి నడిపించి, అది మాట విన్నప్పుడు ముగించండి.

ముందు నొప్పి లేదని తేల్చుకోండి. వీపు, పళ్లు, జీను, ఈ మూడూ చూపించాలి. ఐదేళ్ల గుర్రం వీపు ఆకారం కొన్ని నెలల్లోనే మారుతుంది, కొన్నరోజు సరిపోయిన జీను ఇప్పుడు భుజం మీద నొక్కుతుండొచ్చు. జీను తీశాక చెమట మధ్యలో పొడిగా మిగిలిన మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఉండొచ్చు, జీను అమర్చేవారిని పిలవండి.

రెండోది దాణా. తేలిక పని చేసే 450 కిలోల గుర్రానికి రోజుకు 7 నుంచి 9 కిలోల ఎండుగడ్డి ప్రధానం, గింజలు చాలా తక్కువ చాలు, చాలాసార్లు అసలే అక్కర్లేదు. ప్రేమకొద్దీ రోజూ రెండు డబ్బాల ఓట్లు పోసి, రోజంతా కట్టేసి, ఆదివారం ఎక్కితే ఎవరికైనా గెంతాలనే అనిపిస్తుంది. గడ్డి పెంచండి, గింజలు వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించండి, బయట వదిలే గంటలు పెంచండి.

మూడోది మనిషి. చిన్న గుర్రాలతో పనిచేసిన తర్ఫీదుదారు వారానికి నాలుగైదు రోజులు, రోజుకు అరగంట చొప్పున కనీసం రెండు నెలలు ఎక్కాలి. మీరు అదే సమయానికి వెళ్లి నేల మీద పని నేర్చుకోండి: నడిపించడం, ఆపడం, వెనక్కి జరపడం, మీ చోటులోకి రాకుండా నిలబెట్టడం. స్వారీ పాఠాలు మాత్రం బడిలోని పాత గుర్రం మీద కొనసాగించండి. తర్వాత తర్ఫీదుదారు రోజూ ఇరవై నిమిషాలు ఎక్కి దిగాక మీరు ఐదు నిమిషాలు, నడకలో మాత్రమే.

ఒక చిన్న సాధనం. పాత రికాబు తోలును (పాదం పెట్టే రికాబును వేలాడదీసే పట్టీని) గుర్రం మెడ కింది భాగంలో, నాలుగు వేళ్లు దూరేంత వదులుగా కట్టుకోండి. ఒళ్లు తూలినప్పుడు పగ్గాలు కాకుండా దాన్ని పట్టుకుంటే గుర్రం నోటికి దెబ్బ తగలదు. ఒకే పగ్గం లాగి, మెడ వంచి ఆపే పద్ధతి నిలబడి ఉన్నప్పుడు, తర్వాత నడకలో, బాగా అలవాటయ్యేదాకా చేయించాలి. దౌడులో ఉన్నదాన్ని మొదటిసారి అలా లాగితే కాళ్లు తడబడి గుర్రమే పడిపోవచ్చు.

మూడు నెలల తర్వాత కూడా ఎక్కే ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోతే, అప్పుడు అమ్మండి. తర్ఫీదు పెరిగింది గనుక మంచి చేతికే వెళ్తుంది. కొనేవారికి గేటు సంగతి దాచకండి.

ప్రశ్న: పదహారేళ్ల గుర్రాన్ని కొంటే ఎన్నాళ్లు పనికొస్తుంది?

జవాబు: బాగా చూసుకున్న గుర్రాలు పాతికేళ్లు దాటి బతుకుతాయి, తేలిక స్వారీకి ఇరవై దాటాక కూడా చాలా వాటిలో సత్తువ ఉంటుంది. వైద్యుణ్ణి కీళ్లు, డెక్కలు ప్రత్యేకంగా చూడమనండి, ఆర్నెల్లకో ఏడాదికో పళ్ల పదునైన అంచుల్ని ఆకురాయితో అరగదీయించండి. అమ్మేవారు చెప్పిన వయసును మీరూ సరిచూసుకోవచ్చు. పై వరసలో ముందుపళ్లలో చివరిదాని మీద, చిగుళ్ల దగ్గర పదేళ్లకు ఒక గీత మొదలవుతుంది. పదిహేనుకు సగం దాకా, ఇరవైకి చివరిదాకా దిగుతుంది. అది సుమారు లెక్కే, కానీ పదహారన్న గుర్రానికి గీత అంచుదాకా దిగి కనిపిస్తే బేరం అక్కడ ఆపి, పత్రాలు అడగండి.