నెలసరి ఆగిన పదిహేనేళ్లకు రక్తస్రావం: మాత్రలతో ఆపేయకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మకు 67 ఏళ్లు. నెలసరి ఆగి పదిహేనేళ్లు దాటింది. రెండు నెలలుగా రక్తం కనిపిస్తోంది. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు వేస్తే ఆగుతోంది, మానేస్తే మళ్లీ వస్తోంది. స్కానింగ్‌లో ఎడమ అండాశయంలో 8 సెం.మీ. గడ్డ ఉందన్నారు. అండాశయ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ-125 రక్తపరీక్షలో మాత్రం 18 వచ్చింది. అంటే క్యాన్సర్ కాదనే కదా? గడ్డ కరగడానికి మందులేమైనా ఉన్నాయా?

సలహా: కరిగించే మందు లేదు. సీఏ-125 నార్మల్‌గా వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. అండాశయంలో వచ్చే కొన్ని అరుదైన గడ్డల్లో అది పెరగదు.

నాకు గడ్డ కంటే ఆ రక్తస్రావమే ఎక్కువ ఆందోళనగా ఉంది. చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను గానీ, గ్రాన్యులోసా సెల్ ట్యూమర్ అనే అరుదైన అండాశయ క్యాన్సర్ గడ్డ అయ్యే అవకాశాన్ని పరిశీలించాలి. ఈ గడ్డ ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారు చేస్తుంది. దాంతో గర్భసంచి లోపలి పొర మందమెక్కి రక్తం పోతుంది. కొందరిలో ఆ పొరలోనే క్యాన్సర్ మొదలవుతుంది. స్కానింగ్ రిపోర్టులో ఎండోమెట్రియం, అంటే ఆ లోపలి పొర, ఎంత మందం ఉందో మీరు రాయలేదు. 4 మి.మీ. దాటితే బయాప్సీ (పొర ముక్క తీసి పరీక్షించడం) తప్పదు. అంతకు తక్కువున్నా, రక్తం మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి చేయించడమే మంచిది.

రెండు నెలలు షాపు మాత్రలతో నెట్టుకొచ్చారు, అది సరికాదమ్మా. అవి నోరెథిస్టిరోన్ అయితే హార్మోన్ మాత్రలు. రక్తం ఆగుతుంది, కారణం అలాగే ఉంటుంది. పైగా పొర తీరు మారిపోయి బయాప్సీ చదవడం కష్టమవుతుంది. రక్తం గడ్డకట్టేలా చేసి స్రావాన్ని ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ అయితే, గతంలో కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ప్రమాదం. ఇకపై సొంతంగా వేయకండి. వాడిన మాత్రల అట్ట పారేయకుండా డాక్టర్‌కు చూపించండి.

బరంపురం ఎంకేసీజీకో, విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో ఈ వారంలోనే వెళ్లండి. ఆపరేషన్‌కు ముందే ఇన్‌హిబిన్-బి, ఈస్ట్రడయాల్ (ఇలాంటి గడ్డ ఉంటే రక్తంలో పెరిగే హార్మోన్లు) పరీక్షలకు రక్తం ఇవ్వాలి. గడ్డ తీసేశాక ఆ విలువలు పడిపోతాయి, తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. సూది గుచ్చి గడ్డలో నీరు తీస్తామంటే ఒప్పుకోకండి. పగలకుండా మొత్తంగా తీయాలి. అది క్యాన్సరై, పగిలితే స్టేజి 1ఏ నుంచి ముదిరిన దశగా లెక్కించే 1సీకి మారుతుంది. ఈ వయసులో సాధారణంగా గర్భసంచి, రెండు అండాశయాలు, ట్యూబులు కలిపి తీస్తారు.

గ్రాన్యులోసా అని తేలితే పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. బయాప్సీ రిపోర్టు, తీసిన ముక్కలతో ల్యాబ్‌లో తయారుచేసిన స్లైడ్లు, మైనపు బ్లాకులు భద్రంగా దాచండి.

ఈలోగా ఉన్నట్టుండి పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, వాంతులు మొదలైతే గడ్డ మెలిపడి ఉండొచ్చు. కళ్లు తిరిగితే లోపల రక్తం పోతుండొచ్చు. రాత్రయినా సరే, అప్పటికప్పుడు దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.