లాజిస్టిక్స్ అంటే రవాణాయేనా?

సందేహం: మాది మిర్యాలగూడ, ఎంబీఏ చదువుతున్నాను. ప్రాజెక్టు రిపోర్టుకు తెలుగులో సారాంశం రాస్తూ లాజిస్టిక్స్‌కు ‘రవాణా’ అని, సప్లై చైన్‌కు ‘సరఫరా గొలుసు’ అని పెట్టాను. మొదటిది చాలదన్నారు, రెండోది చదివి నవ్వారు. ఏది ఒప్పు సార్?

సమాధానం: నవ్వేవాళ్లను నవ్వనివ్వండి, ‘సరఫరా గొలుసు’ మంచి మాట. ‘రవాణా’ దగ్గర మాత్రం పొరపాటు మీదే.

రవాణా పార్సీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. పంపడం, బయల్దేరడం వరకే దాని పని. మీ ఊరి మిల్లు దగ్గరే చూడండి. వడ్లు ఆరాలి, తేమ చూడాలి, సంచులు దొరకాలి, కాంటా పెట్టాలి, హమాలీలు లోడెత్తాలి, అప్పుడు గదా లారీ కదిలేది! ఇవన్నీ కలిస్తేనే లాజిస్టిక్స్. ఆ లారీ మిల్లు ముందు దించే వంతు కోసం రెండు రోజులు నిలబడితే అది రవాణా కాదు, కానీ లాజిస్టిక్స్ చదివేవాళ్లకు అసలు పాఠం అక్కడే.

లాజిస్టిక్స్ అన్న మాట సైన్యంలోంచి వచ్చింది. నెపోలియన్ దగ్గర పనిచేసిన జోమినీ 1838లో యుద్ధకళ మీద రాసిన పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఇచ్చాడు, సైన్యాలను కదిలించే విద్య అని. విడిది, బత్తెం, దారి, బండ్లు అన్నీ అందులోనివే. వ్యాపారంలో మాత్రం చదువు ముక్కలు ముక్కలుగా మొదలైంది. ఒకసారికి ఎంత సరుకు తెప్పిస్తే ఖర్చు తక్కువ అన్న లెక్క హారిస్ అనే అమెరికా ఇంజినీరు 1913లోనే కట్టాడు, అది గోదాము లెక్క. అమెరికాలో ఈ రంగం వాళ్లు 1963లో పెట్టుకున్న సంఘం పేరులో ఉన్నది సరుకుల పంపిణీ. 1985లో ఆ పేరు లాజిస్టిక్స్ అయింది, 2005లో సప్లై చైన్ అయింది. ఒకే సంఘానికి మూడు పేర్లు, చూపు ఎంత పెరిగిందో బోర్డు చూస్తేనే తెలుస్తుంది.

గొలుసు ఎందుకంటారా? యూరియా రాదట అన్న మాట ఊళ్లో పుడితే రెండు బస్తాలు చాలేవాడు నాలుగు అడుగుతాడు, దుకాణదారు అది చూసి పైకి ఇంకా ఎక్కువ రాస్తాడు, ఆ పైవాడు ఇంకా. కింద చిన్న కదలిక, పైన పెద్ద ఊపు. ఫారెస్టర్ అనే అమెరికా ప్రొఫెసర్ 1958లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. 1997లో హావ్ లీ అనే ప్రొఫెసర్, మరో ఇద్దరు రాసిన వ్యాసంతో దీనికి ‘బుల్‌విప్’, అంటే పొడవాటి కొరడా, అన్న పేరు స్థిరపడింది. నన్నడిగితే దాన్ని ‘చెర్నకోల దెబ్బ’ అంటాను, మణికట్టు కొంచెం తిప్పితే కొస ఎంత దూరం విసురుతుందో ఎడ్లు తోలినవాళ్లకు చెప్పక్కర్లేదు. గోదాము, లారీ, మిల్లు వేటికవి చదివితే ఈ దెబ్బ కనబడదు, కలిపి చూడాల్సిందే. 1982లో కీత్ ఒలివర్ అనే కన్సల్టెంటు నోట సప్లై చైన్ మేనేజ్‌మెంట్ అన్న మాట వచ్చిందీ అందుకే.

మనకు గొలుసుకట్టు చెరువులు తెలుసు, ఒక చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. అదే పోలిక ఇక్కడా సరిపోతుంది, ‘శృంఖల’ అని బరువు పెంచక్కర్లేదు. సరఫరా కూడా ఇప్పుడు మనకు పరాయిదేమీ కాదు, రవాణాలాగే పార్సీ మాట ‘సర్‌బరాహ్’ నుంచి వచ్చి మనలో కలిసిపోయిందే. హైదరాబాద్ ఉర్దూ పేపర్లలో కరెంటు సరఫరాను ఇప్పటికీ ‘సర్‌బరాహీ’ అనే రాస్తారు.

లాజిస్టిక్స్‌ను మటుకు అలాగే తెలుగు లిపిలో ఉంచండి, లారీ ఆఫీసు బోర్డుల మీద జనం రోజూ చదువుతున్న మాటే. అలాగని రిపోర్టులో ‘రవాణా’ అంతా కొట్టెయ్యకండి, లారీ నిజంగా కదిలిన చోట ఉండనివ్వండి.