నేలలో తడి ఉన్నా మిరప వాడుతోంది: తెగులా, ఎరువు దెబ్బా?

ప్రశ్న: మిరప నాటి ఇరవై రోజులైంది. మొదళ్ల దగ్గర డీఏపీ, పొటాష్ వేసి పలుచగా తడి ఇచ్చాను. నాలుగో రోజు నుంచి నేల తేమగానే ఉన్నా మొక్కలు వాడుతున్నాయి, ఆకుల అంచులు మాడుతున్నాయి. ఎండు తెగులని డీలర్ చెబితే కాపర్ ఆక్సీక్లోరైడ్ పోశాను. తగ్గలేదు. ఇంకే మందు వాడాలి?

జవాబు: ఏ మందూ వద్దు. మీరు చెప్పిన లక్షణాలు ఎరువు దెబ్బవి. ఎండు తెగులు అక్కడొకటి, ఇక్కడొకటిగా మొదలై పాకుతుంది. తెగులైతే ఎరువు పడిన సాళ్లన్నీ ఒకేసారి వాడవు. అనుమానం ఉంటే ఒక మొక్కను పీకి కాండం నిలువుగా చీల్చండి. లోపల గోధుమరంగు చారలు లేకపోతే, కోసిన ముక్కను గాజు గ్లాసు నీటిలో ఉంచినప్పుడు పాలలాంటి ద్రవం కారకపోతే తెగులు మాట వదిలేయండి.

వేరు కణం చుట్టూ ప్లాస్మాపొర ఉంటుంది. రెండు వరుసల కొవ్వు అణువులు, వాటిలో అక్కడక్కడా ప్రోటీన్లు. మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. నీరు దీన్ని తేలికగా దాటుతుంది. లవణాలు మాత్రం ప్రోటీన్ ద్వారాల గుండానే వెళ్లాలి. మామూలుగా కణం లోపలి ద్రవం నేల నీటికంటే చిక్కగా ఉంటుంది కాబట్టి ద్రవాభిసరణం వల్ల నీరు లోపలికి వస్తుంది. మీరు వేరు పక్కనే ఎరువు కరిగించడంతో బయటి నీరు చిక్కబడింది, కణంలోని నీరు బయటికి పోయింది. పొర ముడుచుకుని కణకవచం (కణం బయటి గట్టి గోడ) నుంచి విడిపోతుంది, మొక్క వాడుతుంది. దీనికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి శిలీంద్ర నాశిని ఏం చేస్తుంది?

కనిపించే గుళికలను ఈరోజే తీసేయండి. మంచి నీటితో ఒకరోజు విడిచి రెండు భారీ తడులు ఇచ్చి, మిగులు నీటిని వెంటనే కాలువల ద్వారా బయటికి పంపండి. నీరు నిలిస్తే వేరుకు గాలి అందదు; పోషకాలను లోపలికి లాగే ప్రోటీన్లకు శక్తి వేరు శ్వాస నుంచే రావాలి. కొత్త చిగుళ్లు వచ్చేవరకు నేలలో గానీ ఆకులపై గానీ ఏ ఎరువూ వద్దు. తేరుకున్నాక లీటరు నీటికి 5 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే ఎరువు) కలిపి సాయంత్రం ఒక్కసారి పిచికారీ చేయండి. మోతాదు పెంచితే ఆకు కణాల నుంచీ నీరు ఇలాగే పోతుంది. ఇకపై ఎరువును మొదలుకు 8-10 సెం.మీ. దూరంలో, 5 సెం.మీ. లోతున, రెండు మూడు దఫాలుగా వేసి మట్టి కప్పి తడి ఇవ్వండి.

అసలు పొటాష్ వేయమని చెప్పింది ఎవరు? మట్టి పరీక్ష ఫలితం చూశారా? దుకాణంలో కూర్చుని మీ నేలలోని లవణాల లెక్క చెప్పడం ఎవరి తరమూ కాదు. మొక్కను చూడకుండా తెగులు పేరు చెప్పి మందు అమ్మడం రైతుకు చేసే అన్యాయం. పొలంలో ఎనిమిది, పది చోట్ల 15 సెం.మీ. లోతు వరకు మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపండి. ఇప్పుడు ఎరువు పడిన చోట మాత్రం తీయకండి. సాగునీటిని కూడా పరీక్ష చేయించి, రెండింటి లవణ సాంద్రత చూశాకే తర్వాతి దఫా పొటాష్ సంగతి ఆలోచించండి.