లెన్వాటినిబ్ రాశారు, కిడ్నీలు పోతాయా?

నాన్నగారి థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది, రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్ చికిత్స) పనిచేయలేదు, లెన్వాటినిబ్ అనే క్యాన్సర్ మందు రాశారు, కిడ్నీలు పోతాయా అని అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో కిడ్నీ మాటెత్తితేనే గుండె జారుతుంది, కాబట్టి మీ భయం నాకు కొత్త కాదు. మా అమ్మ ఇదే మందు వాడుతోంది.

24 ఎంజీతో మొదలైంది. అంటే పది ఎంజీ క్యాప్సూల్స్ రెండు, నాలుగు ఎంజీది ఒకటి. ముందు బీపీ లేచింది, మాత్రతో దిగింది. తర్వాత యూరిన్‌లో ప్రొటీన్ కనబడింది. 24 గంటల యూరిన్ పట్టమని ల్యాబువాళ్లు పెద్ద తెల్ల క్యాన్ ఇచ్చారు. మా వీధిలో ఆ క్యాన్ దేనికో ఎవరికీ చెప్పక్కర్లేదు. అమ్మ దాన్ని పాత చీరముక్కలో చుట్టి కొబ్బరి మట్టల వెనక దాచింది. అయినా పక్కింటి పిన్ని చూడనే చూసింది. సాయంత్రానికల్లా పరామర్శలు! "ఇంకేటి బాబూ, కిట్నీలు కూడా పోయినట్టేనా?" అంది అమ్మ. ఒకాయన కాకర రసం సీసాతో దిగాడు. క్యాన్సరనగానే చుట్టాలంతా డాక్టర్లైపోతారు, బిల్లు కట్టేటప్పుడు ఒక్కడూ కనబడడు.

డాక్టరుగారు మాత్రం కంగారుపడలేదు. ఈ మందు గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగనివ్వదు, ఆ ప్రభావమే బీపీ మీదా కిడ్నీ వడపోత మీదా పడుతుందన్నారు. కొన్నాళ్లు ఆపించి, ప్రొటీన్ తగ్గాక 20తో మళ్లీ మొదలుపెట్టారు, తర్వాత 14కి దించారు. ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరగలేదు. డోసు తగ్గిస్తే మందు దండగ అనేవాళ్ల మాట వినకండి. బీపీ మిషన్ ఇంట్లో లేకుండా ఈ మందు మొదలుపెట్టకండి. నాన్నగారికి ముందే కిడ్నీ జబ్బుంటే ఆ సంగతి మొదటిరోజే చెప్పండి.

కిడ్నీల కంటే ముందు అడగాల్సింది, ఇప్పుడే మొదలుపెట్టాలా అని. గడ్డలు చిన్నవై, నెమ్మదిగా పెరుగుతూ, ఇబ్బంది లేకపోతే స్కాన్లు చూసుకుంటూ ఆగడమూ ఉంది. రెట్ (RET), ఎన్‌టీఆర్‌కే (NTRK) అనే జన్యువుల పరీక్షలు కూడా అడగండి, తేడా ఉంటే వాటికి వేరే మందులున్నాయి. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర మాత్రం మానిపించొద్దు.

ఇక ధర. ఈ క్యాన్సర్‌కు కూడా వాడే సొరాఫెనిబ్ అనే మందు ఒకప్పుడు నెలకు సుమారు 2,80,000 రూపాయలు. 2012లో ప్రభుత్వం మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకి, పేటెంటు వేరే కంపెనీదైనా ఆ మందు తయారుచేసుకోమని లైసెన్సు ఇస్తే ధర 8,800కి దిగింది. అంచేత జనరిక్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.