పార్టీని కాదన్న నాయకుడి కథ రాస్తున్న తమ్ముడికి

నల్లగొండ

తమ్ముడికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి అందింది. మొత్తం చదివాను, కొన్ని అధ్యాయాలు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. యుద్ధం విషయంలో సొంత పార్టీకి ఎదురు నిలిచిన పార్లమెంటు సభ్యుణ్ణి కథానాయకుడిగా ఎంచుకోవడం, అతణ్ణి మన దేవరకొండ వైపు మనిషిగా నిలబెట్టడం నాకు ఎంతో నచ్చాయి. రాజీనామా ఘట్టం ఎలా వచ్చిందని నువ్వు ప్రత్యేకంగా అడిగావు. వాక్యం బాగుంది, సంభాషణలు బాగున్నాయి, అయినా అది చదువుతుంటే నా మనసు కదలలేదు. ఎందుకు కదలలేదని వెతికితే కారణం ఆ ఘట్టంలో కాక, దానికి ముందున్న అధ్యాయాల్లో దొరికింది.

ఆ అధ్యాయాల్లో నీ నాయకుడి పార్టీలో ఉన్నవాళ్ళంతా పదవుల కోసం పాకులాడేవాళ్ళు, అధినేత ఏమన్నా తలూపేవాళ్ళు, కాంట్రాక్టుల లెక్కలు చూసుకునేవాళ్ళు. అలాంటి పార్టీ నుంచి బయటికి రావడానికి మనిషికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. అందులో అతను అన్నేళ్ళు ఎట్లా ఉండగలిగాడన్నదే పాఠకుడికి అనుమానంగా మిగులుతుంది. మనిషి ప్రాణంగా చూసుకున్నదానితో విడిపోయినప్పుడే అది తెగతెంపులు అవుతుంది. కాబట్టి ఆ పార్టీని నువ్వు ముందు ప్రేమించదగినదిగా రాయాలి. అతని తండ్రి భూమి తగాదాలో ఇరుక్కున్నప్పుడు పోలీస్ స్టేషన్‌కు తోడుగా వచ్చింది ఆ పార్టీ కార్యకర్తలే కావచ్చు, అతనికి నలుగురి ముందు మాట్లాడటం నేర్పింది ఆ పార్టీ శిక్షణ తరగతులే కావచ్చు. ఆ రుణం పేజీల మీద కనబడకపోతే రాజీనామా లేఖ ఒట్టి కాగితంగానే ఉంటుంది.

ఇందుకు ఉదాహరణ కోసం నువ్వు దూరం పోనక్కర్లేదు. రావి నారాయణరెడ్డి గారి జీవితాన్ని శ్రద్ధగా చదువు. భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో 1908లో పుట్టిన మనిషి, 1941లో చిలుకూరులోనూ 1944లో భువనగిరిలోనూ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన మనిషి. ఊళ్ళలో ఆ మహాసభనే జనం ‘సంఘం’ అని పిలుచుకున్నారు. వెట్టికీ గడీకీ ఎదురు తిరగవచ్చునన్న నమ్మకం వాళ్ళకు ఆ సంఘంలోనే కలిగింది. 1947 సెప్టెంబర్ 11న నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపునిస్తూ వెలువడిన ప్రకటన మీద బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో పాటు సంతకం చేసింది ఆయనే. ఏడాది తిరిగింది. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ విరగడైంది. అప్పుడు పోరాటాన్ని విరమించాలని వాదించినవాళ్ళలో కూడా ఆయన ఉన్నారు. ఆయన ఉన్న కమ్యూనిస్టు పార్టీ మాత్రం యూనియన్ సైన్యాల మీద పోరును కొనసాగించింది, 1951 అక్టోబర్ 21న గానీ విరమణ ప్రకటించలేదు.

నువ్వు ఇక్కడ ఆగి చాలాసేపు ఆలోచించాలని నా కోరిక. తుపాకి పట్టమని చెప్పిన నోరే దించమని చెప్పవలసి వచ్చింది. పట్టమన్నప్పుడు ఆయన మాట నమ్మి అడవికి వెళ్ళిన పిల్లలు, దించమన్నప్పుడు ఇంకా అడవిలోనే ఉన్నారు. వాళ్ళలో కొందరు మీ అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమలలోకి చేరినవాళ్ళు. ఆయన వాదన తేలికైనది కాదు. నిజాంకు వ్యతిరేకంగా సంఘం వెనుక నడిచిన జనంలో అనేక వర్గాలు ఉన్నాయనీ, రజాకార్లను తరిమిన సైన్యాన్ని వాళ్ళలో చాలామంది శత్రువుగా చూడటం లేదనీ, ఆ జనం తోడు లేకుండా దళాలు ఒంటరవుతాయనీ దాని సారం. ఊరి మనసును తెలిసినవాడే ఆ మాట చెప్పగలడు.

అయితే అవతలి వాదన కూడా ఆ ఊళ్ళ నుంచే వచ్చిందని నువ్వు మరవకూడదు. పోలీసు చర్య తర్వాత పట్నం పారిపోయిన దొరలు మిలిటరీ వెనకాలే ఊళ్ళకు తిరిగివచ్చారు, కొందరైతే ఖద్దరు టోపీలు పెట్టుకుని మరీ వచ్చారు. పంచుకున్న భూముల మీద మళ్ళీ హక్కు చెప్పారు. ఆ భూమి దున్నుకుంటున్న కూలీవాడికి అండగా ఉన్నది దళమే, దళం ఆయుధం దించితే వాడి సంగతి ఏమిటని పార్టీలో చాలామంది అడిగారు. ఆ ప్రశ్న అబద్ధం కాదు. దశాబ్దాల తర్వాత కూడా రావి నారాయణరెడ్డి గారు తన జ్ఞాపకాల్లో కొనసాగింపు పొరపాటని రాస్తే, పుచ్చలపల్లి సుందరయ్య గారు తన పోరాట చరిత్రలో ఆ కొనసాగింపును భూమి రక్షణ కోసం జరిగిన పోరుగా సమర్థించారు. ఇద్దరూ త్యాగధనులే, ఇద్దరికీ ఆ ఊళ్ళు తెలుసు. నువ్వు ఒకరి గ్రంథం చదివి రెండోది పక్కన పెట్టకు.

ఇందులో నీకు బాగా పనికివచ్చే సంగతి ఒకటుంది. ఆయన పార్టీ విధానాన్ని కాదన్నారు, పార్టీని వదలలేదు. తీవ్రమైన విమర్శలు పడ్డారు, అయినా అక్కడే ఉన్నారు. 1964లో పార్టీ చీలినప్పుడు కూడా సీపీఐలోనే కొనసాగారు. నీ నవలలో మాత్రం అభిప్రాయభేదం రాగానే రాజీనామా వచ్చేసింది. బయటికి రావడం ఒక్కటే నిజాయితీ అన్నట్టు కథ నడిచింది. లోపలే ఉండి, తనను అనుమానంగా చూసే మిత్రుల మధ్య రోజూ కూర్చుంటూ, తాను తప్పనుకున్న నిర్ణయానికి మిగతావాళ్ళతో పాటు తానూ జవాబుదారీ వహిస్తూ బతకడం రాజీనామా కన్నా కష్టమని నా అభిప్రాయం. నవలకు అందులో ఉన్నంత సామగ్రి రాజీనామాలో లేదు.

1952 ఎన్నికలను నువ్వు చివరి అధ్యాయంలో ప్రస్తావించావు. నల్లగొండ నుంచి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థిగా ఆయన మూడు లక్షలకు పైగా ఓట్లతో, నెహ్రూ గారికి వచ్చిన వాటికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచిన మాట నిజం. కానీ ఆ గెలుపును ఆయన వాదనకు ప్రజలిచ్చిన తీర్పుగా రాయడం సరికాదు. ఓటు వేసిన జనం ఆయనతో పాటు అడవిలో చనిపోయినవాళ్ళను కూడా తలచుకునే వేశారు. విరమించాలన్నవాళ్ళకూ వద్దన్నవాళ్ళకూ ఆ బ్యాలెట్ పెట్టెలో వాటా ఉంది. ఆ పేరాను తీసివెయ్యి.

ఇక కాలం సంగతి. నీ నాయకుడు సోమవారం రహస్య పత్రం చదువుతాడు, గురువారం సభలో లేచి నిలబడతాడు. మనుషులు అంత త్వరగా తెగించరు. జర్మనీ సోషల్ డెమోక్రాట్ కార్ల్ లీబ్‌నెక్ట్‌ను చూడు. 1914 ఆగస్టు 3న పార్టీ సభ్యుల అంతర్గత సమావేశంలో యుద్ధ నిధులకు ఒప్పుకోరాదన్నవాళ్ళు 14 మంది, ఒప్పుకుందామన్నవాళ్ళు 78 మంది. ఆ 14 మందిలో ఆయన ఒకడు. అయినా మర్నాడు పార్లమెంటులో, పార్టీ కట్టుబాటుకు తలవంచి, నిధులకు అనుకూలంగానే ఓటు వేశాడు. డిసెంబర్ 2న రెండోసారి నిధులు అడిగినప్పుడు మాత్రం సభ మొత్తంలో ఒంటరిగా వ్యతిరేకించాడు. ఆ రెండు ఓట్ల మధ్య నాలుగు నెలలు ఉన్నాయి. ఆ నాలుగు నెలల్లో ఆయన రాత్రులు ఎలా గడిచి ఉంటాయో ఊహించడమే నవలాకారుడి పని. తెలిసీ మౌనంగా ఉన్న రోజుల్లో సరిహద్దులో ఎవరు చనిపోయారో నీ నాయకుడికి తెలియాలి, వాళ్ళ పేర్లు అతను పత్రికలో చదవాలి.

అతని ప్రసంగం గురించి కూడా చెప్పాలి. నువ్వు మూడు పేజీలు రాశావు, అందులో శాంతి గురించి ఉన్నంత ఆ యుద్ధం గురించి లేదు. బ్రిటన్‌లో రాబిన్ కుక్ 2003 మార్చి 17న, ఇరాక్ యుద్ధాన్ని కాదని మంత్రివర్గం నుంచి తప్పుకుని కామన్స్ సభలో చేసిన ప్రసంగాన్ని సంపాదించి చదువు. ఆయన విదేశాంగ మంత్రిగా పనిచేసినవాడు, కొసోవో యుద్ధాన్ని సమర్థించినవాడు. కాబట్టి యుద్ధాలన్నీ పాపమని అనలేదు, ఈ యుద్ధానికి అంతర్జాతీయ సమ్మతి లేదనీ, ఇరాక్ దగ్గర ఉన్నాయంటున్న సామూహిక విధ్వంసక ఆయుధాలు బహుశా లేవనీ ఆధారాలతో వాదించాడు. తన రాజీనామాను అడ్డం పెట్టుకుని ప్రధానిని దించాలనుకునేవాళ్ళకు తాను తోడ్పడనని కూడా అదే ప్రసంగంలో స్పష్టం చేశాడు, లేబర్ సభ్యుడిగానే కొనసాగాడు. నీ నాయకుడు కూడా ఫైళ్ళు చదివిన మనిషిలా మాట్లాడాలి. ఏ యుద్ధాన్నయినా వ్యతిరేకించేవాడు వేరు, ఈ యుద్ధాన్ని వ్యతిరేకించేవాడు వేరు. అతను ఎవరో ముందు నువ్వు తేల్చుకో.

చట్టం విషయంలో కొన్ని సవరణలు తప్పనిసరి. యుద్ధానికి వెళ్ళాలా వద్దా అని లోక్‌సభ ఓటు వేసినట్టు రాశావు. మన రాజ్యాంగంలో అలాంటి నియమం లేదు, ఆ నిర్ణయం మంత్రివర్గానిదే. 1962 నవంబర్ 14న చైనా దురాక్రమణపై లోక్‌సభ తీర్మానం చేసింది గానీ, పోరు మొదలైంది అక్టోబర్ 20ననే. కాబట్టి నీ ఓటింగును రక్షణ శాఖ పద్దుల మీదో, ప్రభుత్వం పెట్టిన తీర్మానం మీదో జరిపించు. రెండోది, కథ ఈ కాలంలో నడుస్తున్నది గనుక 1985లో వచ్చిన పదో షెడ్యూలును, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టాన్ని, దాటిపోలేవు. ముందస్తు అనుమతి లేకుండా విప్‌కు, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటు వేస్తే, 15 రోజుల్లో పార్టీ మన్నించకపోతే, సభ్యత్వం మీద అనర్హత వేటు పడవచ్చు. తనంతట తాను పార్టీని వదిలినా అంతే. రాజీనామా పత్రం ఇవ్వకపోయినా ప్రవర్తనను బట్టి వదిలినట్టు భావించవచ్చునని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. రాబిన్ కుక్‌కు ఈ ఇబ్బంది లేదు. నీ నాయకుడు పార్టీని కాదన్న క్షణంలోనే, ఆ యుద్ధం గురించి మాట్లాడగల ఆ కుర్చీని కూడా పోగొట్టుకోవచ్చు. ఇది నీ కథకు అడ్డంకి అనుకోకు, దీన్ని కథ నడుమకు తెచ్చుకో. మాట్లాడి కుర్చీ వదులుకోవాలా, కుర్చీలో ఉండి గొంతు నొక్కుకోవాలా అన్న మథనం మన దేశపు ప్రజాప్రతినిధికి ఉన్నంత తీవ్రంగా ఆ దేశాల వాళ్ళకు లేదు.

నియోజకవర్గాన్ని నువ్వు దాదాపు మరచిపోయావు. ఢిల్లీలో వ్యతిరేకించిన మనిషి ఊరికి రావాలి కదా. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అమరుడైనప్పుడు ఈ ప్రాంతమంతా తన ఇంట్లో మనిషి పోయినట్టు దుఃఖపడింది. అలాంటి దుఃఖం తాజాగా ఉన్న పట్టణంలో, ప్రభుత్వం యుద్ధాన్ని నడుపుతున్న తీరు తప్పని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించు. సైనికుడి త్యాగాన్ని గౌరవిస్తూనే అతణ్ణి అక్కడికి పంపిన నిర్ణయాన్ని ప్రశ్నించే వాక్యం ఏదో, దాన్ని ఏ మర్యాదతో ఏ గొంతుతో పలకాలో నీ నాయకుడు వెతుక్కోవాలి. విన్నవాళ్ళలో కొందరు లేచి వెళ్ళిపోవాలి. వాళ్ళను దేశభక్తి ముసుగు వేసుకున్న గుంపుగా చూపించకు, నిజంగా నొచ్చుకున్న మనుషులుగా చూపించు.

చివరగా ఆ మిత్రుడి పాత్ర. పార్టీలోనే ఉండిపోయిన అతణ్ణి నువ్వు పిరికివాడిగా గీశావు. అతనికి నీ నవలలోకెల్లా బలమైన వాదన ఇవ్వు. సేనలు పోరులో ఉండగా అధికార పక్షం చీలితే శత్రువుకు ఏ సంకేతం వెళుతుందని అతను అడగాలి. నువ్వు వెళ్ళిపోతే లోపల మిగిలేది యుద్ధం కావాలనేవాళ్ళే, వాళ్ళకు అడ్డం చెప్పేది ఎవరని అడగాలి. దానికి నీ నాయకుడి దగ్గర పూర్తి జవాబు ఉండకూడదు.

కాబట్టి ముందు ఆ మిత్రుడి అధ్యాయాన్నీ, పార్టీ ఆఫీసులో నడిచే అధ్యాయాన్నీ తిరిగి రాసి పంపు. రాజీనామా ఘట్టాన్ని అప్పటిదాకా ముట్టుకోకు, అసలు ఆ ఘట్టం ఉండాలో లేదో ఆ తర్వాత మాట్లాడుకుందాం. అమ్రాబాద్ వైపు వెళ్ళే ముందు నాకు ఫోన్ చెయ్యి. దళాలకు అన్నం పెట్టిన ఇళ్ళ వాళ్ళ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై ఆ ఊళ్ళలో ఉన్నారు, ఎవరిని ముందుగా కలవాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అన్న