కెమెరా ఉండగా కుంచె ఎందుకు?

‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’ కోసం పాత వస్తువులను ఫొటో తీయకుండా నీటిరంగులతో ఎందుకు చిత్రించారన్నది ప్రశ్న. మాంద్యంలో ఉపాధి కోల్పోయిన చిత్రకారులకు పని కల్పించేందుకు అమెరికా ప్రభుత్వం 1935లో చేపట్టి 1942 వరకు నడిపిన ఈ పథకంలో బొంతలు, ఇంటికప్పుపై గాలి దిశ చూపే రేకు కోళ్లు, షేకర్లు అనే క్రైస్తవ శాఖవారి కుర్చీలు, ఓడ ముందరి చెక్క బొమ్మలు మొదలైన, ఎక్కువగా 1900కు ముందు నాటి వస్తువులకు సుమారు 18,000 చిత్రాలు తయారయ్యాయి. అప్పటి రంగుల ఫొటోలు ఖరీదైనవి, పైగా వెలిసిపోయేవి. కుంచె మాత్రం రాలిన బంగారు పూత కింద తొంగిచూసే లోహాన్నీ, బొంతలో ప్రతి కుట్టు పక్కన పడే సన్నని నీడనూ పట్టుకుంది. చిరుగులను, అతుకులను దాచకపోవడమే, నా దృష్టిలో, వీటి అసలు విలువ. ఇవి నేడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి.