గల్ఫ్ సైట్ పనిలో వడదెబ్బ: ముందు ఒళ్లు చల్లార్చండి, ఆ తర్వాతే ఆసుపత్రి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి కొత్తగా కువైట్, దుబాయ్ వచ్చి సైట్ పనిలో చేరినవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది. ‘రేణిగుంట ఎండలు చూసినోళ్లం గదన్నా, ఈడ ఎండకు అంత భయపడాలా?’

భయపడాలి తమ్ముడూ. బరువు మోసేటప్పుడు, తవ్వేటప్పుడు కండరాల్లోంచే వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే చెమట ఆరాలి. మందపాటి కవరాల్ (ఒళ్లంతా కప్పే పనిబట్ట), హెల్మెట్, బూట్ల లోపల చెమట ఆరదు. గాలిలో తేమ ఎక్కువైతే అసలే ఆరదు. అందుకే ఎండ లేని సాయంత్రం షిఫ్టులోనూ వడదెబ్బ తగులుతుంది. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12.30 నుంచి 3 వరకు బయటి పని నిషేధం. అయితే నాలుగు దాటగానే వేడి తగ్గిపోయిందని అనుకోవద్దు.

ఆ వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తవాళ్లు మొదటిరోజు మామూలు పనిలో ఐదో వంతే చేసి, రోజూ ఇంకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. సెలవుకు ఊరెళ్లి వచ్చిన పాతవాళ్లకూ ఆ అలవాటు తగ్గిపోయి ఉంటుంది. ‘నేను పదేళ్ల పాతకాపును’ అంటే ఒళ్లు వినదు.

నీళ్లు పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగండి. గంటకు ఒకటిన్నర లీటరు మించొద్దు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. అదీ ప్రాణం మీదికి తెచ్చేదే. మధ్యమధ్యలో ఉప్పేసిన మజ్జిగ గానీ ఓఆర్‌ఎస్ గానీ తాగండి.

ఇక అసలు విషయం. కాళ్లు పట్టేయడం, తల తిరగడం, వికారం, విపరీతమైన చెమట ఉన్నా మనిషి తెలివిగా మాట్లాడుతుంటే నీడకు చేర్చి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టి, బట్టలు వదులు చేసి ఓఆర్‌ఎస్ తాగించండి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఊరికే కోప్పడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే’ అని చాలామంది మోసపోతారు. పనిచేస్తూ పడిపోయినవాడికి చెమట కారుతూనే ఉండొచ్చు. నుదుటికి చూపించే థర్మామీటర్‌నీ నమ్మొద్దు. లోపల 41 డిగ్రీలున్నా పైన తక్కువ చూపిస్తుంది.

ఒకరు అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యండి. కువైట్‌లో 112, యూఏఈలో 998. మిగతావాళ్లు ఆ క్షణమే చల్లార్చడం మొదలుపెట్టండి. కారులో వేసుకుని ట్రాఫిక్‌లో పరిగెత్తడం కంటే ఇదే ముఖ్యం. పడిన అరగంటలోపు ఒంటి వేడి దిగితే చాలామంది బతుకుతారు. ఆలస్యమయ్యేకొద్దీ మెదడు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

బూట్లు, పైబట్టలు తీసేసి, ఐసు కలిపిన నీళ్ల తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టండి. చంకల కింది నుంచి తువ్వాలు వేసి ఒకరు వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలి. తల నీళ్లలోకి జారకూడదు. ఇంకొకరు నీళ్లు కలియబెడుతుండాలి, లేకపోతే ఒంటి చుట్టూ వెచ్చటి పొర నిలిచిపోతుంది. తొట్టి లేకపోతే టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకి పట్టుకుని, ఐదారు బకెట్ల నీళ్లు, దొరికినంత ఐసు పోసి అటూ ఇటూ ఊపండి. అదీ కుదరకపోతే ఐసు నీళ్లలో ముంచిన తువ్వాళ్లు తల నుంచి కాళ్ల దాకా కప్పి, రెండు మూడు నిమిషాలకోసారి మార్చండి. చంకల్లో, గజ్జల్లో ఐసు ముక్కలు పెట్టడం వీటికి తోడే, ఒక్కటే అయితే చాలదు. వేసవిలో ఇక్కడ డాబా మీది ట్యాంకు నీళ్లు కాగి ఉంటాయి కాబట్టి సైట్‌లో ఐసు డబ్బా ముందే నింపి పెట్టించండి.

పది, పదిహేను నిమిషాలు అలాగే ఉంచాలి. అప్పటికీ తెలివి రాకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. ఊపిరి ఆగితే మాత్రం వెంటనే నీళ్లలోంచి బయటికి తీసి సీపీఆర్ (ఛాతీ మీద నొక్కుతూ గుండె ఆడించడం) మొదలుపెట్టండి.

వేడి ఒంటి మీద చల్లనీళ్లు పోస్తే జన్ని కమ్ముతుందని మనవైపు పెద్దలు ఆపుతారు. ఆ భయంతోనే ప్రాణాలు పోతాయి. ఉల్లిపాయ రసం రుద్దుతూ కూర్చోవద్దు. పారాసెటమాల్ ఇవ్వొద్దు, ఇది జ్వరం కాదు కాబట్టి దాంతో వేడి దిగదు, పైగా కాలేయానికి చేటు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పట్టుకోండి.

లేచి కూర్చుని ‘నాకేం కాలేదన్నా’ అన్నా ఆసుపత్రికి పంపాల్సిందే. కండరాలు కరిగి మూత్రం కోలా రంగులోకి మారొచ్చు, రక్తపరీక్ష చేస్తే గానీ మూత్రపిండాల సంగతి తెలియదు. కనీసం వారం విశ్రాంతి, ఆపైన డాక్టరు రాసిచ్చాకే పని. జీతం కోస్తారని మరుసటి రోజే సైట్ ఎక్కొద్దు, ఆ డాక్టరు కాగితం ఫోర్‌మన్‌కు చూపించండి.